ముసలివాడు కూర్చుంటే నష్టం ఎవరికి?



పాతపాళ్య నుంచి పొద్దున్నే బస్సెక్కి బాగేపల్లికి వచ్చి, బ్యాంకు పనో ఆసుపత్రి పనో చూసుకుని, తిరుగు బస్సు కోసం ఎదురుచూసే వృద్ధులను మనం రోజూ చూస్తూనే ఉన్నాము. ఎండ తగ్గేదాకా వాళ్ళు ఎక్కడ కూర్చుంటారు? టీ అంగడి బెంచీ మీద, లేదంటే హోటల్లో ఒక మూల. ఒక కాఫీని ‘బై టూ’ చెప్పి ఇద్దరు పంచుకుని గంటా రెండు గంటలు మాట్లాడుకుంటారు. వాన మాట, చెనిక్కాయల ధర మాట, ఎండిపోయిన బోరు మాట, బెంగళూరులో ఉన్న కొడుకు మాట. అంగడివాడు ఎరిగినవాడైతే ఊరుకుంటాడు. కొత్త హోటలైతే టేబుల్ తుడిచే గుడ్డ వాళ్ళ ముందు రెండుసార్లు తిరుగుతుంది. దాని అర్థం వాళ్ళకు తెలుసు. మాట మధ్యలో ఆపి లేచిపోతారు.

ఇది చిన్న విషయమనీ, యూనియన్ పత్రికలో సంపాదకీయం రాయవలసినంత సంగతి కాదనీ కొందరు అనవచ్చు. మేము అలా అనుకోవడం లేదు. అక్కడ లేచిపోయినవాడు నిన్నటిదాకా ఏదో ఒక మిల్లులో, గార్మెంటులో, చేనులో పనిచేసినవాడే. రేపు అదే మూల మనం కూర్చోవలసినవాళ్ళమే.

2014 జనవరిలో ఇదే తగాదా అమెరికాలో న్యూయార్క్ నగరంలో జరిగి ప్రపంచ పత్రికలకెక్కింది. క్వీన్స్ ప్రాంతంలోని ఫ్లషింగ్‌లో ఒక మెక్‌డొనాల్డ్స్ హోటలుకు కొరియా నుంచి వలసపోయిన వృద్ధులు రోజూ వచ్చేవారు. ఒక కాఫీయో, చిన్న పొట్లం ఉర్లగడ్డ వేపుడో కొనుక్కుని గంటల తరబడి కూర్చునేవారు. 20 నిమిషాల్లో తిని లేవాలని యాజమాన్యం నోటీసు తగిలించింది. లేవనివారి మీదికి పోలీసులను పిలిపించింది. పోలీసులు లేపితే ఆ పెద్దమనుషులు వీధి చుట్టూ ఒకసారి తిరిగి మళ్ళీ వచ్చి అక్కడే కూర్చున్నారు! అక్కడి కొరియన్ సంఘాలు ఫిబ్రవరి నెలంతా ఆ కంపెనీని బహిష్కరించమని పిలుపునిచ్చాయి. చివరకు న్యూయార్క్ రాష్ట్ర శాసనసభ సభ్యుడు రాన్ కిమ్ మధ్యవర్తిత్వంతో రాజీ కుదిరింది. పగలు 11 నుంచి 3 దాకా రద్దీ వేళ తప్ప, మిగతా వేళల్లో వృద్ధులు గంటసేపు కూర్చోవచ్చునని యాజమాన్యం ఒప్పుకున్నది.

ఈ సంఘటనలో మనం గమనించవలసినవి రెండున్నాయి. మొదటిది, ఆ వృద్ధులు ఒంటరిగా గొణుక్కుని ఊరుకోలేదు. వాళ్ళ వెనుక సంఘం నిలబడింది కాబట్టే యాజమాన్యం దిగివచ్చింది. రెండవది, ఆ చుట్టుపక్కల వృద్ధుల కేంద్రాలు లేకపోలేదు. అయినా వాళ్ళు రోడ్డు కనబడే హోటలునే కోరుకున్నారు. వయసు మళ్ళినవాడికి తిండి, మందు ఇస్తే చాలదు. నలుగురు వచ్చిపోయే చోట తానూ ఒకడుగా కూర్చోవాలని అతనికి ఉంటుంది. మన ఊళ్ళలో రావిచెట్టు కట్టలు వేసిన పెద్దలకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, వాళ్ళకే తెలుసు.

హోటలు యజమాని లెక్క వేరు. ఒక కుర్చీలో గంటకు నలుగురు తిని లేస్తే నాలుగు బిల్లులు, ఒక్కడే కూర్చుంటే ఒక్క బిల్లు. బాడిగ పెరిగేకొద్దీ ఈ లెక్క బిగుసుకుంటుంది. 1983లో బెంగళూరు జయనగరలో కేఫ్ దర్శిని తెరిచారు. నిలబడి తినే ఆ పద్ధతి తరువాత వీధివీధికీ పాకింది. తక్కువ ధరకు, తొందరగా ఇడ్లీ కాఫీ దొరకడం షిఫ్టుకు పరుగెత్తే కార్మికుడికి మేలే చేసింది, కాదనము. కానీ మోకాళ్ళ నొప్పులున్న తాత అక్కడ ఏం చేయాలి? అక్కడ లేవమని చెప్పే పనే లేదు, కుర్చీనే లేదు.

ఈ కోపాన్ని టేబుల్ తుడిచే కుర్రవాడి మీద చూపించేవాళ్ళూ ఉన్నారు. అది పొరపాటు. గుడ్డ తిప్పమని చెప్పేది యజమాని, తిప్పేది కార్మికుడు. పొద్దుటినుంచి రాత్రిదాకా నిలబడే ఆ పిల్లవాడికి కూర్చునే వీలు తాతకంటే తక్కువ. కర్ణాటకలో అంగళ్ళు, వాణిజ్య సంస్థల చట్టం 1961 నుంచి ఉన్నా, పనిగంటల పుస్తకం సరిగా రాసే హోటళ్ళు ఎన్ని? తాతా, ఆ కుర్రవాడూ ఒకే పక్షం వాళ్ళు.

ఇంక మన సంగతికి వద్దాము. ముంబయిలో 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు పాల్గొన్నారు. వారిలో తెలుగువాళ్ళూ ఉన్నారు. తరువాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతబడ్డాయి. లోయర్ పరేల్‌లో ఫీనిక్స్ మిల్లు ఉన్న చోట పెద్ద మాల్ వెలిసింది. బెంగళూరు బిన్నీ మిల్లు సైరనూ ఆగిపోయింది. మగ్గాలు ఆడిన నేలమీద ఇవాళ ఒక కాఫీ ఖరీదు ఎంతో అడిగి చూడండి. ఆ నేలమీద చెమట కార్చిన మనిషి ఆ కాఫీ కొని కూర్చోగలడా?

పింఛను లెక్క చూద్దాము. ఉద్యోగుల పింఛను పథకం 1995 నవంబరు 16న వచ్చింది. పింఛను జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో హెచ్చించి 70తో భాగించాలి. జీతం 6,500 రూపాయలు, సర్వీసు 15 ఏళ్ళు అయితే వచ్చేది 1,393 రూపాయలు. అంటే రోజుకు 46 రూపాయలు. 2014 సెప్టెంబరు 1 నుంచి కనీస పింఛను 1,000 రూపాయలన్నారు. పదేళ్ళు గడిచి 2024 వచ్చినా ఆ అంకె కదలలేదు. ఈ డబ్బుతో మందులు కొన్నాక మిగిలేది బై టూ కాఫీకే. ‘ఒక కాఫీకి మూడు గంటలు కూర్చుంటాడు’ అని నవ్వేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి.

ఇంకొక మాట. హోటల్లో కూర్చున్న తాతల గురించే ఇంతసేపూ రాశాము. మరి అవ్వలు ఎక్కడ కూర్చుంటున్నారు? మన బాగేపల్లి, చింతామణి పక్కల నుంచి గార్మెంట్లకు పోయే ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. 2016 ఏప్రిల్ 18, 19 తేదీల్లో బెంగళూరు రోడ్లమీదికి వచ్చి, ప్రావిడెంటు ఫండు డబ్బు 58 ఏళ్ళదాకా పూర్తిగా తీసుకోరాదన్న నిబంధనను కేంద్రం చేత వెనక్కి తీయించినది ఎక్కువగా గార్మెంటు మహిళలే. అంతటి పోరాటం చేసిన వాళ్ళకు వయసు మళ్ళాక ఒక బెంచీ లేదు. ఆడమనిషి ఒంటరిగా హోటల్లో గంటసేపు కూర్చుంటే చూసే చూపులు వేరు. ఇంటి వాకిలే ఆమెకు దిక్కు.

దారి లేదా అంటే, కార్మికులే చూపించిన దారి ఉంది. 1950ల్లో కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసి కార్మికులను వీధిన పడేసినప్పుడు, ఎ.కె.గోపాలన్ ప్రోత్సాహంతో ఆ కార్మికులే సహకార సంఘాలు పెట్టుకున్నారు. మొదటి సంఘం 1957 ఆగస్టు 19న మన బెంగళూరులోనే ఏర్పడింది. ఎం.జి.రోడ్డు కాఫీ హౌసులో ఏళ్ళ తరబడి పెద్దమనుషులు ఒక కాఫీతో పత్రిక అంతా చదివి లేచేవారు. 2009లో ఆ స్థలం పోయి చర్చి స్ట్రీటుకు మారింది. అయినా సంఘం నిలిచింది. వడ్డించే చేతులే యజమానులైన చోట గడియారం అంత కఠినంగా ఉండదని దీనివల్ల తెలుస్తున్నది.

చివరగా ఆత్మవిమర్శ. మస్టర్ రోలులో పేరు తీసేసిన మరునాటి నుంచి రిటైరైన కార్మికుడిని మన యూనియన్ ఎన్నిసార్లు తలుచుకుంది? చందా రసీదు ఆగిపోగానే కార్యాలయంలో అతని కుర్చీ కూడా ఆగిపోయింది. హోటలు యజమానిని వేలెత్తి చూపే ముందు ఈ తప్పును ఒప్పుకోవాలి. అందుకని మేము కోరేవి ఇవి:

1. యూనియన్ కార్యాలయం రోజూ మధ్యాహ్నం 2 నుంచి 6 దాకా రిటైరైన కార్మికులకు, ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ, తెరిచి ఉండాలి. తెలుగు, కన్నడ పత్రికలు, తాగునీరు ఉంచాలి. ప్రావిడెంటు ఫండు, పింఛను కాగితాలు చూసిపెట్టే కార్యకర్త ఒకరు అక్కడ ఉండాలి.

2. ప్రతి బస్టాండులో, ప్రతి హోబళిలో నీడ, బెంచీలు, ఆడవారికి వేరుగా మరుగుదొడ్డి ఏర్పాటు చేయమని పంచాయతీలను, పురసభలను అడగాలి.

3. రద్దీ లేని వేళల్లో వృద్ధులను లేపకూడదని హోటలు యజమానులతో మాట్లాడాలి. ఆ మాట హోటలు కార్మికుల కూర్చునే హక్కుతో కలిపి మాట్లాడాలి.

4. కనీస పింఛను బతకడానికి సరిపడేంత పెంచాలనే ఉద్యమంలో ఇవాళ పనిలో ఉన్నవారే ముందు నిలవాలి.

మొదటి కోరికకు ఎవరి అనుమతీ అక్కరలేదు, బడ్జెట్టూ అక్కరలేదు. రెండు బెంచీలు, ఒక కుండ, ఒక తాళంచెవి చాలు. వచ్చే సర్వసభ్య సమావేశం దాకా ఆగకుండా ఆ తలుపు తెరవమని కార్యవర్గాన్ని కోరుతున్నాము. మీ ఊళ్ళో మిల్లునుంచి రిటైరై ఇంట్లో కూర్చున్న పెద్దవాళ్ళుంటే ఈ సంచిక చదివి వినిపించండి. వాళ్ళను వెంటబెట్టుకుని రండి.