కాపలావాడికి సెలవు

నాకు ఛందస్సు వచ్చును గాని కంప్యూటరు రాదు. అయినా పిల్లల హాజరు లెక్క ప్రతి నెలా వాళ్ల ఇళ్లకు తెలియజేసే పని నా నెత్తినే పడింది. పనులు పంచిన రోజున స్టాఫ్ మీటింగుకు ఆలస్యంగా వెళ్లడమే నేను చేసిన నేరం.

మొత్తం 140 మంది పిల్లలు. తిరుపతిలోనే ఉద్యోగం చేసుకుంటున్న నా పాత శిష్యుడొకడు జాలిపడి వచ్చి, లెక్కలన్నీ యాక్సెస్ అనే డేటాబేసులో పెట్టాడు. మీట నొక్కితే చాలు, ఔట్‌లుక్ ద్వారా ఇంటింటికీ ఈమెయిలు వెళ్లిపోతుందన్నాడు.

నొక్కాను. తెరమీద ఒక పెట్టె లేచింది. ఏదో ప్రోగ్రాము నా పేర ఉత్తరం పంపబోతోందట, పంపనివ్వమంటానా అని దాని ప్రశ్న. సరేనందామంటే ‘అవును’ గుండీ 5 సెకన్లదాకా పలకదు. పలికాక నొక్కితే, రెండో ఉత్తరానికి మళ్లీ అదే ప్రశ్న! 140 ఉత్తరాలకు ఈ ఎదురుచూపే సుమారు 12 నిమిషాలు. విసుగెత్తి శిష్యుడికి ఫోన్ చేశాను.

“అదెంత పని సార్!” అని వచ్చి, తనంతట తానే ‘అవును’ నొక్కే మరో చిన్న ప్రోగ్రాము పెట్టి వెళ్లాడు. మరునెల రాత్రి ఒక్కసారి మీట నొక్కి, భోజనం చేసి, హాయిగా పడుకున్నాను.

తెల్లవారి కాలేజీకి వెళ్లేసరికి శాఖ గుమ్మంలో ఒక పెద్దమనిషి, పక్కనే మొదటి బెంచీలో కూర్చునే అమ్మాయి. ఆయన పలమనేరు నుంచి మొదటి బస్సుకు వచ్చాడు. అమ్మాయి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“ఏం సార్, 22 దినాల్లో మా బిడ్డ మూడు దినాలే వచ్చిందంట గదా? బెంగుళూరు నుంచి మావాడు చదివి చెప్పినాడు. హాస్టల్లో పెడితే ఇదా నువ్వు చేసేదని రాత్రి ఫోన్లో దాన్ని అనరాని మాటలన్నాను సార్.”

రిజిస్టరు తీశాను. ఆ అమ్మాయి మానింది ఒక్కరోజు. మూడు రోజులవాడు వేరే ఉన్నాడు. వాడి తండ్రికి 21 రోజుల హాజరు ముట్టింది. ఆయన ఆ ఉదయం ఎంతో సంతోషంగా ఉండి ఉంటాడు!

తప్పు ఎక్కడ? డేటాబేసుకు ఎక్కించే ముందు జాబితాలో పేర్లూ రోల్ నంబర్లూ ఎవరో అకారాదిగా సర్దారు. పక్కనున్న చిరునామాల వరుస మాత్రం కదపలేదు. ఆ ఎవరో మరెవరో కాదు, నేనే. తెలుగు లెక్చరర్ని గదా, జాబితా కనబడితే చెయ్యి ఊరుకోదు. ఉత్తరంలో రోల్ నంబరే తప్ప పేరు లేకపోవడంతో ఏ తండ్రికీ అనుమానం రాలేదు. మొదటి నెలలో లాగా ఉత్తరం ఉత్తరానికీ ఆగి చూసి ఉంటే, ఏ నాలుగోదాని దగ్గరో నాకే కనబడేది.

ఆ కాపలా ఎందుకు పెట్టారో తరువాత తెలుసుకున్నాను. 1999 మార్చిలో మెలిస్సా అనే వైరసు ఒక్కొక్కరి ఔట్‌లుక్ చిరునామాల పుస్తకంలో జొరబడి, మొదటి 50 మందికి తనను తానే పంపుకొంది. 2000 మే నెలలో ఫిలిప్పీన్స్ నుంచి బయలుదేరిన ‘ఐ లవ్ యూ’ పుస్తకంలో ఉన్నవారందరికీ వెళ్లింది. ప్రేమలేఖ అనుకుని తెరిచినవారి ఫైళ్లు పాడయ్యాయి. ఆ తరువాతనే మైక్రోసాఫ్ట్ వారు ఈ ప్రశ్న అడిగే ఏర్పాటు తెచ్చారు. తిరుమలలో బంగారు వాకిలి దగ్గర జయవిజయులు నిలబడి ఉంటారు. దర్శనం ఆలస్యమవుతోందని వారిని పక్కకు తొయ్యమంటామా?

అలాగని 140 సార్లు నొక్కుతూ కూర్చోనక్కరలేదట. ఔట్‌లుక్ 2007 మొదలు, యాంటీవైరస్ సరిగా ఉండి ఎప్పటికప్పుడు కొత్తదవుతుంటే మామూలుగా ఆ ప్రశ్నే రాదు. మా కంప్యూటరులో దాని గడువు ఏనాడో తీరిపోయింది! అది వద్దనుకుంటే ఔట్‌లుక్‌తో పని లేకుండా, 1982 నుంచీ ఉన్న ఎస్.ఎమ్.టి.పి. అనే పద్ధతిలో, శాఖకంటూ ఒక ఖాతా పెట్టుకుని నేరుగా పంపవచ్చు. ఆ ఖాతా పాస్‌వర్డు మాత్రం పదిమంది తెరిచే ఫైలులో రాసి పెట్టకూడదు. మామూలు జీమెయిలు ఖాతా అయితే రోజుకు 500 మందికి మించి పంపనివ్వదు. మా 140కి అది ధారాళం.

ఇదంతా ఇంట్లో చెబితే మా ఆవిడ అంది: “శుభలేఖలు పోస్టులో వేసేముందు కవరుమీది పేరూ లోపలి పేరూ ఒకటేనా కాదా అని చూసుకోమూ? దీనికి కంప్యూటరు చదువెందుకండీ?”

ఆ రోజే 140 ఇళ్లకూ క్షమాపణ రాశాను. ఇప్పుడు ఉత్తరాలు మీట నొక్కగానే వెళ్లవు. ముందు చిత్తుప్రతులుగా నిలుస్తాయి, పిల్లవాడి పేరుతో సహా. ఆవిడ జాబితా చదువుతుంది, నేను సరిచూస్తాను. గంట పడుతుంది. పంపే మీట అప్పుడు నేనే నొక్కుతాను.

ఆ అమ్మాయి ఇప్పటికీ మొదటి బెంచీలోనే కూర్చుంటోంది. హాజరు పిలిచినప్పుడు “ప్రెజెంట్ సార్” అని మునుపటికన్నా కాస్త గట్టిగానే అంటోంది.