మూడురాళ్ల పొయ్యిమీద కాఫీ

కాఫీ ఇంటి పానీయమనియు, ఆరుబయట శిబిరమునకు పోయినవారు వేడినీళ్లలో కలుపుకొను పొడితోనో, దారిలోని దుకాణపు టీతోనో తృప్తి పడవలసినదే యనియు ఒక అభిప్రాయము లోకమున స్థిరపడినది. ఇత్తడి ఫిల్టరు లేదు, పొగలేని పొయ్యి లేదు, చెంతనే పాల దుకాణము లేదు. ఇన్ని లేనిచోట మంచి కాఫీ యెట్లు లభించునని అడుగువారు పెక్కుమంది. ఇది ఆడలేక మద్దెల ఓడన్నట్టి మాట. మంచి కాఫీకి ముఖ్యముగా కావలసినవి నాలుగు: తాజా పొడి, మంచి నీరు, సరియైన కొలత, కొంచెము ఓర్పు. వీనిలో ఒక్కదానికైనను గోడలతో గాని పైకప్పుతో గాని పని లేదు.

కాఫీ చరిత్ర చూచినచో ఈ సంగతి స్పష్టమగును. కాఫీకి పుట్టినిల్లైన ఇథియోపియాలో నేటికిని అతిథి యెదుటనే పచ్చిగింజలను బొగ్గుల సెగపై వేయించి, దంచి, జెబెనా అను మట్టికూజాలో కాచి పోయుదురు. అరబ్బు ఎడారులలో సంచరించు బెదూయినులు గుడారమున నిప్పు రాజేసి, వేయించిన గింజలను దంచి, ఏలకులు చేర్చి, దల్లా అను కొమ్ముచెంబుతో అతిథులకు అందింతురు. ఈ అరబ్బు కాఫీ సంప్రదాయమును 2015లో యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చినది. అమెరికాలో 1861 నుండి 1865 వరకు జరిగిన అంతర్యుద్ధమున ఉత్తరసేనలోని సిపాయికి ఇచ్చు దినవెచ్చములో కాఫీ ఒక భాగము. అతడు గింజలను రాతితోనో తుపాకి మడమతోనో నలిపి, రేకు పాత్రలో కాచుకొనెను. వీరిలో ఎవ్వరికిని ఫిల్టరు లేదు. ఐనను కాఫీ లేని లోటు వారికి కలుగలేదు.

ఈ విషయము మచ్చ బొల్లారం వంటి ఊరికి మరింత చక్కగా వర్తించును. బొల్లారం ప్రాంతము 19వ శతాబ్దమున హైదరాబాదు కంటింజెంటు సైన్యము దండు విడిసిన తావు. గుడారము, పొయ్యి, సామూహిక భోజనము ఈ నేలకు క్రొత్తవి కావు. 2007లో అల్వాల్ పురపాలక సంఘముతో పాటు ఈ ఊరును మహానగరములో కలిసినది. పొలములున్నచోట ఇండ్ల వరుసలు లేచినవి. ఐనను ఇక్కడి పాఠశాలల పిల్లలకు శామీర్‌పేట చెరువు గాని, మేడ్చల్ వైపు బండరాళ్ల గుట్టలు గాని దూరము కావు. కార్తికమాసమున ఉసిరిచెట్టు నీడను వెదకికొనుచు వనభోజనములకు పోవు ఆచారమును నిలిచియే యున్నది. అయితే వనభోజనమను పేరు మిగిలినంతగా వంట మిగులలేదు. భోజనము బండిమీద వచ్చును. టీ పెద్ద ఫ్లాస్కులో వచ్చును. పిల్లలు వరుసలో నిలిచి కాగితపు కప్పు అందుకొని, త్రాగి, ఆ కప్పును ఎక్కడనో విసరి, తిరిగి బస్సెక్కుదురు. వనమునకు పోయి వారు నేర్చినది యేమి?

శిబిరమున విద్యార్థులు తమ చేతులతో చేయదగిన పనులలో కాఫీ కాచుట మిక్కిలి తగినది. అన్నము వండుటకు కాలము పట్టును. కూర మాడినచో పదిమంది పస్తుండవలసి వచ్చును. కాఫీకి అరగంట చాలును; చెడినచో మరల కాచుకొనవచ్చును. ఆ అరగంటలో కొలత యున్నది, వేడిమిని గూర్చిన భౌతికశాస్త్రమున్నది, నిప్పును అదుపులో నుంచు నేర్పున్నది, తోటివారికి పంచి తాను చివర త్రాగు మర్యాద యున్నది. బేడెన్ పవెల్ నెలకొల్పిన స్కౌటు ఉద్యమమునందు శిబిరపు వంటను శిక్షణలో ఒక భాగముగా చేసినది ఇందులకే.

పని పొడితో మొదలగును. ఫిల్టరు కొరకు పట్టించు మెత్తని పొడి శిబిరమునకు పనికిరాదు; అది గిన్నెలో అడుగునకు దిగక నాలుకకు తగులుచుండును. బొంబాయి రవ్వవలె గరుకుగా ఆడించుమని దుకాణములో ముందే చెప్పవలెను. ప్రయాణమునకు ముందురోజున ఆడించి, గాలి చొరని డబ్బాలో మూతబిగించి తీసికొనిపోవలెను. చికోరీ మాట వేరు. అది కాఫీ కాదు, వేయించిన ఒక వేరు. రంగును చిక్కదనమును ఇచ్చును గాని కాఫీ పరిమళమును ఈయజాలదు. మిశ్రమములో కాఫీ నూటికి 51 పాళ్లకు తగ్గరాదని మన దేశపు నిబంధన. అనగా 49 పాళ్ల వరకు చికోరీ యుండవచ్చును. డబ్బాపై అచ్చువేసిన ఆ అంకెను చదివి కొనుట కూడ ఒక చదువే.

తరువాతిది నీరు. నగర పరిసరములలోని బోరునీరు పెక్కుచోట్ల కఠినజలము. అది కాఫీలోని సన్నని పులుపును, పరిమళమును మొద్దుబార్చును. చెరువునీటిని తాకనే రాదు. త్రాగునీటిని ఇంటినుండి తీసికొనిపోవుట ఉత్తమము. ఆ నీటిని కాచునప్పుడు ఉపాధ్యాయుడు ఒక ప్రశ్న వేయవచ్చును: నీరు అన్నిచోట్ల 100 డిగ్రీలకే మరుగునా? ఎత్తు పెరిగినకొలది గాలి యొత్తిడి తగ్గును. సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున మరుగు వేడిమియు తగ్గును. సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైనున్న బొల్లారం ప్రాంతమున నీరు ఇంచుమించు 98 డిగ్రీలకు మరుగును. లదాఖులోని లేహ్ పట్టణము 3500 మీటర్ల యెత్తున నున్నది. అక్కడ 88 డిగ్రీలకే మరుగును. కాఫీ సారము చక్కగా దిగుటకు 90 నుండి 96 డిగ్రీల వేడిమి తగినది. కనుక లేహ్‌లో నీరు మరిగిన క్షణమున పొడి వేయవలెను. బొల్లారంలో గిన్నె దింపి అరనిమిషము ఆగవలెను. పుస్తకములో ఒక వాక్యముగా చదివి మరచు విషయము ఇట్లు గిన్నె ముందు కూర్చున్నవానికి జీవితాంతము గుర్తుండును.

ఇక కాచు పద్ధతి. లీటరు నీటికి 60 గ్రాముల పొడి. పెద్ద చెంచాకు ఇంచుమించు 5 గ్రాములనుకొన్నచో 12 చెంచాలు. మరిగి దింపిన నీటిలో పొడి చల్లి, అంతయు తడియునట్లు ఒక్కసారి కలిపి, మూతపెట్టి నాలుగు నిమిషములు కదపక ఉంచవలెను. పొడి వేసిన పిదప మరల మరిగింపరాదు. అట్లు చేసినచో పరిమళము ఆవిరితో పోవును, చేదు మిగులును. ఆరుబయటి కాఫీ బాగుండదను అపవాదునకు చాలవరకు మూలము ఈ ఎడతెగని మరుగే. నాలుగు నిమిషములైన పిదప పైన చారెడు చన్నీళ్లు చిలకరించి, మరి రెండు నిమిషములు ఆగినచో పిప్పి అడుగునకు దిగును. గిన్నెను కుదుపక, అడుగున నున్న మడ్డిని విడిచి, పైతేటను వంచుకొనవలెను. పాలు కలుపువారు పొడిని తగ్గింపక నీటిని సగము చేసి, ఆ చిక్కని కషాయమునకు వేరుగా కాచిన పాలను చేర్చవలెను. తీపికి బెల్లము వేయదలచినచో కాఫీ గ్లాసులలో పోసిన పిదప వేసికొనుట మేలు. మరుగుచున్న పాలలో వేసినచో విరుగు ప్రమాదము కలదు.

దీనికి రెండు ఆక్షేపణలు రావచ్చును. మొదటిది, నీటిలో కలిసిపోవు పొడి యుండగా ఈ శ్రమ యెందులకని. ఆ పొడిని నిందింపనక్కరలేదు. మంచుకొండ యెక్కువానికి, తీరిక లేని ప్రయాణికునికి అది మేలే చేయుచున్నది. కాని దానియందు చేయవలసిన పనియంతయు ఎక్కడనో కార్ఖానాలో ముగిసియుండును. కలుపువానికి నేర్చుకొనుటకేమియు మిగులదు. రెండవది, పిల్లలకు కాఫీ యేల యని. ఇది న్యాయమైన ప్రశ్న. చిన్న తరగతులవారికి కాఫీ తగదు. వారికి బెల్లము చేర్చిన పాలు ఈయవలెను. కాచు పని పై తరగతుల వారిది, కాలేజీ విద్యార్థులది. కాచినవాడు తప్పక త్రాగవలెనను నియమము లేదు.

నిప్పు విషయమున ఓర్పుతో పాటు భయమును ఉండవలెను. హైదరాబాదు చుట్టుపట్ల గ్రానైటు బండలు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివి. వానిపై మంట వేసినచో రాయి పెచ్చులుగా లేచును. మసి మరక ఏండ్ల తరబడి నిలుచును. ఇన్ని యుగములు ఎండకును వానకును ఓర్చిన బండను ఒక్కపూట కాఫీ కొరకు పాడుచేయుట తగదు. పొయ్యిని గడ్డిలేని మట్టినేలపై, చెట్లకు దూరముగా పెట్టవలెను. చెరువుగట్టున నానిన రాళ్లను పొయ్యికి వాడరాదు. లోపలి తేమ ఆవిరియై అవి పగిలి చిట్లవచ్చును. పచ్చికొమ్మ విరువక, రాలిన పుల్లలనే ఏరుకొనవలెను. రిజర్వు అడవిలో నిప్పు వేయుట చట్టరీత్యా నేరము. గడ్డి యెండిన వేసవిలో మూడురాళ్ల పొయ్యి ముచ్చటను మాని చిన్న గ్యాసు పొయ్యిని తీసికొనిపోవుటయే వివేకము. తిరిగి బయలుదేరుటకు ముందు బూడిదపై నీరు పోసి, కలిపి, చేతికి చల్లగా తగులువరకు విడువరాదు.

కాగితపు కప్పుల సంగతియు ఆలోచింపదగినది. అది పేరుకు కాగితమే గాని లోపలివైపున పలుచని ప్లాస్టిక్ పూత కలిగియుండును. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. పరిశోధకులు 2020లో పరీక్షింపగా, వేడి ద్రవమును అట్టి కప్పులో 15 నిమిషములుంచినచో 100 మిల్లీలీటర్లలో సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణములు చేరుచున్నట్లు తేలినది. త్రాగువానికి ఇది యొక కీడు. విసరిన కప్పు చెరువునకు మరియొక కీడు. ఒక్కొక్క విద్యార్థి ఇంటినుండి ఒక స్టీలు గ్లాసు తెచ్చుకొన్నచో రెండును తప్పును. పిప్పిని చెరువులో పారబోయక సంచిలో తెచ్చి బడితోటలోని ఎరువుగుంటలో వేయవచ్చును.

చివరకు గిన్నెలోని గింజ ఎక్కడిదను ప్రశ్న మిగులును. తెలుగు నేలమీదనే, తూర్పు కనుమలలోని అరకు, పాడేరు, చింతపల్లి కొండలలో ఆదివాసి రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియపు తీగల నడుమ అరబికా కాఫీని పండించుచున్నారు. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఈ పంటకు 2019లోనే భౌగోళిక గుర్తింపు లభించినది. శీతకాలమున పండిన పండ్లను చేతితో ఒక్కొక్కటిగా ఏరి, తొక్క తీసి, ఎండబెట్టినగాని గింజ చేతికి రాదు. పొయ్యిముందు పొగకు కన్నులు తుడుచుకొనుచు అరగంట కూర్చున్న విద్యార్థికి ఆ కొండమీది చేతుల శ్రమ కొంతయైనను తెలియును. చిటికెలో కలిపి చిటికెలో త్రాగినవానికి ఆ తలంపే రాదు.

రాబోవు కార్తికమున మచ్చ బొల్లారం నుండి గాని మరి యే ఊరినుండి గాని వనభోజనమునకు బయలుదేరు ఉపాధ్యాయులు అన్నపు బండిని మాన్పింపనక్కరలేదు. ఒక మూతగిన్నె, పావుకిలో గరుకు పొడి, ఇంటి నీరు, ఒక గడియారము తీసికొనిపోయి, పై తరగతి విద్యార్థులు నలుగురిని పిలిచి ఆ పని అప్పగించిన చాలును. మొదటి గిన్నె చేదెక్కవచ్చును, రెండవది పలుచబడవచ్చును. మూడవ గిన్నెకు ఆ నలుగురును కొలత నేర్చియుందురు. మరుసటి యేట వారే తమ తరువాతి తరగతివారికి నేర్పుదురు.