పులికున్న లెక్క గంజాయికి లేదా?

పత్తి చేనులో పోలీసులు గంజాయి మొక్కలు పీకుతారు. కుప్ప పోసి, వెనకాల వరసగా నిలబడి ఫొటో దిగుతారు. మర్నాడు జిల్లా పేజీలో వార్త: ఇన్ని మొక్కలు, ఇన్ని లక్షల విలువ. ఇవాళ ఉట్నూరు, రేపు జైనూరు, ఎల్లుండి తిర్యాణి. ఊరు మారుతుంది, ఫొటో మారదు. అసలు పండించేవాళ్లు ఎందరన్న ప్రశ్నకు మాత్రం ఏ ఫొటోలోనూ జవాబుండదు.

పట్టుబడ్డ కిలోలు పెరిగితే ‘ఉక్కుపాదం మోపాం’ అంటారు. తగ్గితే ‘అరికట్టాం’ అంటారు. పెరిగినా గెలుపే, తగ్గినా గెలుపే! గిదేం లెక్క సారూ? కిలోలు చెప్పేది మీ జీపు ఎంత తిరిగిందో. చేన్లో ఏముందో కాదు.

ఈ ఊళ్లున్న ఉమ్మడి ఆదిలాబాద్ అడవిలోనే కవ్వాల్ 2012లో టైగర్ రిజర్వ్ అయింది. పులుల అంచనాకు కంటబడ్డవాటిని లెక్కపెట్టి చేతులు దులుపుకోరు. కెమెరాకు చిక్కిన చారలు చూసి, ఏ పులి ఒక్కసారే పడింది, ఏది మళ్లీ పడింది అని తేల్చి, అసలు పడనివెన్నో అంచనా కడతారు. పాదముద్రల లెక్క నమ్ముకుని సరిస్కా రిజర్వ్‌లో పులులే లేకుండా పోయాక, 2006 జాతీయ గణన నుంచి దేశం నేర్చుకున్న బుద్ధి ఇది.

మరి మనుషులకు? కెనడాలోని క్యూబెక్‌లో గంజాయి సాగుదారుల మీద ఇదే తర్కం నడిపి, మార్టిన్ బూషార్ అనే నేరశాస్త్ర పరిశోధకుడు 2007లో ప్రచురించాడు. దానికి కావలసింది అరెస్టుల రిజిస్టరు ఒక్కటే. ఒక్కసారి దొరికినవాళ్లు 200 మంది, రెండుసార్లు దొరికినవాళ్లు 10 మంది అనుకుందాం. ఇలాంటి అంచనాకు వాడే జెల్టర్‌మన్ సూత్రం ప్రకారం, దొరకనివాళ్లతో కలిపి మొత్తం దాదాపు 2,200 మంది. అదే రెండుసార్లు దొరికినవాళ్లు 50 మందైతే మొత్తం 635 దగ్గరే ఆగుతుంది. పేపర్లో కుప్ప మాత్రం రెండింటికీ ఒకలాగే కనిపిస్తుంది!

జైల్లో ఉన్నవాడు మళ్లీ దొరకడు కదా అంటారు. నిజమే, జైలు రోజులు తీసేసి లెక్క కట్టండి. 2016లో ఆదిలాబాద్ జిల్లా ముక్కలైంది కదా అంటారు. రికార్డులు కలిపి చూడండి. కష్టమైన పనే, కానీ పులికి చేస్తున్నాం కదా!

2019లో వచ్చిన జాతీయ సర్వే భంగు, గంజాయి, చరస్ వాడేవాళ్లు 3.1 కోట్ల మందని తేల్చింది. వాడేవాణ్ణి లెక్కించగలిగిన దేశానికి పండించేవాడు, మోసేవాడు, కొనేవాడు వేర్వేరుగా ఎందరో తేల్చడం చేతకాదా?

ఆ తేడా తేలాలి. సాగుకు మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం పదేళ్ల దాకా కఠిన జైలు రాసిపెట్టింది. గత రాష్ట్ర ప్రభుత్వం రైతుబంధు సాయం కూడా ఆపుతామంది. మొక్కకు కాళ్లు లేవు, చేనుకు పట్టా ఉంది. అందుకే దొరికేది చేనుగలవాడు. విత్తనమిచ్చి సరుకెత్తుకుపోయే దళారి ఏ సాల్లోనూ నిలబడి ఉండడు. ఎవడు సులువుగా చిక్కుతున్నాడో, ఎవడు చిక్కడం లేదో ఆ రిజిస్టరే చెప్తుంది.

ఈసారి ప్రెస్‌మీట్‌లో మొక్కలు చూపించకండి. ఒక్కసారే దొరికినవాళ్లెందరో, రెండుసార్లు దొరికినవాళ్లెందరో చెప్పండి చాలు. మిగతా లెక్క మేమే వేసుకుంటాం.