తాళం వేసిన బీరువాలోంచి ఇంగ్లీషు రాదు

ఇంగ్లీషు మీడియం మన బడికి వచ్చింది. ఇంగ్లీషు కథల పుస్తకం మాత్రం మన పిల్లల చేతికి రాలేదు. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరం గురించే ఈసారి మాట్లాడుకోవాలి.

తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల పల్లె బడులకు పోయి చూడండి. చాలా చోట్ల హెడ్మాస్టరు గదిలో ఒక ఇనప బీరువా ఉంటుంది. అందులో బొమ్మల పుస్తకాలు, కథల పుస్తకాలు ఉంటాయి. కొన్ని కట్టలకు చుట్టిన పురికొస ఇంకా విప్పి కూడా ఉండరు. తాళంచెవి సొరుగులో ఉంటుంది. తనిఖీకి ఎవరన్నా వస్తే బీరువా తీస్తారు, లెక్క చూపిస్తారు, మళ్లీ మూస్తారు. పుస్తకం పోయినా చిరిగినా జవాబు చెప్పుకోవాల్సింది మాస్టారే గనక ఆయన భయం ఆయనది. దాన్ని కొట్టిపారెయ్యలేం. కానీ ఆ భయం ఖరీదు ఎవరు కడుతున్నారు? తెల్లారకముందే నాట్లకు పోయే తల్లి బిడ్డ కడుతున్నాడు. నిజాంపట్నం రేవులో వలలు లాగే తండ్రి బిడ్డ కడుతున్నాడు. మిరపకోతలకు అమ్మానాన్నలతో పల్నాడు పోయి, రెండు నెలలు బడి పోగొట్టుకుని తిరిగొచ్చిన పిల్ల కడుతోంది.

ఈ ఇంగ్లీషు మీడియం ఎట్లా వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. 2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం 81వ నంబరు జీవో ఇచ్చి ప్రభుత్వ బడులను ఇంగ్లీషు మీడియంలోకి మారుస్తామన్నది. అదే నెలలో 85వ నంబరు జీవోతో మొదట 1 నుంచి 6 తరగతుల వరకు అని సవరించింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఆ రెండు జీవోలనూ కొట్టేసింది. తర్వాత తల్లిదండ్రులను అడిగితే 96 శాతం మంది ఇంగ్లీషే కావాలన్నారని ప్రభుత్వం ప్రకటించింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ రోజుల్లో తెలుగు చచ్చిపోతోందని గుండెలు బాదుకున్న పెద్దమనుషులు చాలామంది. వాళ్ల పిల్లలు ఏ బడిలో చదివారో, మనవళ్లు ఏ దేశంలో ఉన్నారో ఊరందరికీ తెలుసు. సొంత భాషలో చదివితే బిడ్డకు పునాది గట్టిపడుతుందనే మాట అబద్ధం కాదు. ఆ మాట మన పిల్లల వంతు వచ్చినప్పుడే గుర్తుకు రావడం, అదీ మోసం.

మన మాట మొదట్నుంచీ ఒకటే. ఇంగ్లీషు మన పిల్లల హక్కు. 1848లో పుణెలో ఆడపిల్లలకు చదువు చెప్పడానికి పూనుకున్న సావిత్రీబాయి ఫూలే, ఇంగ్లీషు నేర్చుకోమని పద్యం కట్టి మరీ చెప్పింది. బాబాసాహెబ్ అంబేద్కర్ ఇంగ్లీషులోనే రాసి, ఇంగ్లీషులోనే వాదించి, ప్రపంచం ముందు కులాన్ని బోనులో నిలబెట్టాడు. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది మన బిడ్డల్ని చంపి సంచుల్లో కుక్కి కాలవలో పడేసినప్పుడు, అంతకుముందు నుంచీ అక్కడి పెత్తందార్లకు కంటగింపైంది ఏంటి? చదువుకున్న మన కుర్రాళ్లు తలెత్తి నడవటం. చదువు మనకు ఉద్యోగం ఒక్కటే ఇచ్చేది కాదు. అది మన నడకను మారుస్తుంది. అందుకే దాన్ని సగంలో ఆపే ఏ పనినీ చిన్నదిగా చూడకూడదు.

ఇప్పుడు జరుగుతున్నది ఆ సగం చదువే. 2020-21 నుంచి రెండు భాషల పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. మంచి పనే. కానీ ఒక్క పాఠ్యపుస్తకంతో ఏ భాషా రాదు. పరీక్షలో మార్కులు పోతాయనే భయంతో చదివేది పాఠ్యపుస్తకం. తప్పు చదివితే నవ్వుతారనే సిగ్గుతో చదివేది పాఠ్యపుస్తకం. పిల్లవాడు గొంతెత్తి వరసగా చదువుతాడు, ఏం చదివావురా అంటే నేల చూపులు చూస్తాడు. పట్నంలో ఫీజులు కట్టి చదివే పిల్లకి ఇంట్లో ఇంగ్లీషు పేపరు ఉంటుంది, చెప్పే నాన్న ఉంటాడు, ట్యూషను ఉంటుంది. మన పిల్లకి ఉన్నది ఆ పీరియడు ఒక్కటే. నాలుగేళ్లు పోయాక ఈ పిల్ల వీకు అని రాస్తారు. పదో తరగతిలో తప్పితే, చూశారా, వీళ్లకెందుకు ఇంగ్లీషు అని మళ్లీ పాత పాటే ఎత్తుకుంటారు. ఇంట్లో లేని ఇంగ్లీషును బడిలో ఇవ్వగలిగింది ఒకటే ఉంది. పిల్లలు భయం లేకుండా చెయ్యి పెట్టి తీసుకునే పుస్తకాల మూల.

చెయ్యి పెట్టి తీసుకోవడం అనే మాట మనకు తేలిక మాట కాదు. బాబాసాహెబ్ చిన్నప్పుడు బడికి తన గోనెపట్టా తనే మోసుకుపోయి విడిగా కూర్చున్నాడు. నీళ్ల కుండ ముట్టుకోనివ్వలేదు. అదే మనిషి 1913లో అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయానికి పోయి, అక్కడి లైబ్రరీలో ఆకలి మర్చిపోయి చదివాడు. తర్వాత బొంబాయి దాదరులో రాజగృహ కట్టించుకున్నప్పుడు అందులో పెద్ద చోటు పుస్తకాలకే ఇచ్చాడు. అమెరికాలో నల్లవాళ్లకూ ఈ గుమ్మం కథ ఉంది. 1961 మార్చిలో మిసిసిపి రాష్ట్రం జాక్సన్ పట్నంలో తెల్లవాళ్లకే కేటాయించిన లైబ్రరీలోకి టూగలూ కాలేజీ విద్యార్థులు 9 మంది పోయి పుస్తకాలు తీసుకుని కూర్చున్నారు. చదువుతున్నందుకు పోలీసులు పట్టుకుపోయారు. అక్కడ పోలీసు అడ్డం. ఇక్కడ తాళంకప్ప అడ్డం.

మన ప్రాంతానికి గ్రంథాలయాలు కొత్త కావు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పుట్టింది. 1935లో తెనాలి దగ్గర పెదపాలేనికి చెందిన పాతూరి నాగభూషణం కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలవ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరికీ తిప్పాడు. చదివేవాడు రాలేకపోతే పుస్తకమే పోవాలని తొంభై ఏళ్ల కిందటే ఈ కాలవ గట్టున తెలుసుకున్నారు. ఆ పడవ ఊరి రేవులో ఆగింది సరే, పల్లె రేవులో ఎన్నిసార్లు ఆగిందో ఆలోచించాలి. ఊరి నడుమ గ్రంథాలయం మెట్లు ఎక్కడం మన తాతలకు అంత తేలిక కాలేదు. ఇప్పుడు బడి మన పిల్లలతోనే నిండి ఉంది. ఊళ్లోవాళ్లు బస్సు కట్టించి ప్రైవేటుకు పంపాక ఆ బడిలో మిగిలింది మనమే. మన బడిలో మన పిల్లలకు తాళం ఎందుకు?

ఇది ఎవర్నో బతిమాలుకునే సంగతి కాదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో స్పష్టంగా రాసి ఉంది. ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలి, దినపత్రికలు, పత్రికలు, అన్ని విషయాల పుస్తకాలు, కథల పుస్తకాలు అందులో ఉండాలి. సమగ్ర శిక్షా పథకంలో బడి స్థాయిని బట్టి ఏడాదికి 5 వేల నుంచి 20 వేల రూపాయల దాకా లైబ్రరీ గ్రాంటుకు వీలుంది. అదే చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి, బలహీనవర్గాల పిల్లల తల్లిదండ్రులకు వాళ్ల లెక్క ప్రకారం చోటుండాలి. అంటే అడిగే కుర్చీ మనదే. ఇంకో మాట. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా మన దగ్గర వసూలు చేస్తున్నారు. 1960 నాటి గ్రంథాలయ చట్టం అది. కాలనీ ఇంటి మీదా ఆ పన్ను ఉంది. కడుతున్నది మనం, చదువుతున్నది ఎవరు?

పుస్తకాల మూల పెట్టడానికి పెద్ద డబ్బు అక్కర్లేదు. తరగతి గదిలో గోడకి పిల్లల ఎత్తున ఒక దండెం కట్టండి. బట్టల క్లిప్పులతో పుస్తకాలు అట్ట కనపడేటట్టు తగిలించండి. వీపులు కనపడే పుస్తకాన్ని చదువు రాని పిల్ల తియ్యదు, బొమ్మ కనపడితే తీస్తుంది. కింద ఒక చాప వెయ్యండి. పుస్తకాలకు మూడు రంగుల చుక్కలు పెట్టండి. ఒకటి ఒట్టి బొమ్మలవి, ఒకటి పేజీకి ఒకటి రెండు వాక్యాలవి, ఒకటి పెద్ద కథలవి. ఏ తరగతి పిల్ల అయినా ఏ చుక్కదైనా తీసుకోవచ్చు. ఏడో తరగతి పిల్లవాడు మొదటి చుక్క పుస్తకం తీస్తే ఎవరూ నవ్వకూడదు. ఇచ్చి పుచ్చుకునే లెక్క నోటుబుక్కులో పిల్లలే రాయాలి, వారానికొక ఇద్దరు. చిరిగితే జిగురు పెట్టాలి, జరిమానా పెట్టకూడదు. చదివి చిరిగిన పుస్తకం బడికి నష్టం కాదని కమిటీ తీర్మానం రాసి ఇస్తే మాస్టారి భయం కూడా తీరుతుంది. రోజూ పది నిమిషాలు టీచరు ఒక పుస్తకం పైకి చదివి వినిపించాలి. చెవిన పడని భాష నోట పలకదు. ఆ మూలలో తెలుగు మాట్లాడితే తప్పు అనే రూలు పెట్టకండి. ఇంగ్లీషు కథని తెలుగులో చెప్పుకున్న పిల్లకు అది అర్థమైనట్టే లెక్క.

ఏ పుస్తకాలు పెట్టాలి? ప్రథమ్ బుక్స్, మంచి పుస్తకం, తూలిక వాళ్లు తెలుగు ఇంగ్లీషు పక్కపక్కనే ఉన్న పుస్తకాలు తక్కువ ధరల్లో వేశారు. హైదరాబాదు అన్వేషి సంస్థ 2008లో 'డిఫరెంట్ టేల్స్' పేరుతో పిల్లల కథలు తెచ్చింది. గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు వంటివాళ్ల కథలు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ అందులో ఉన్నాయి. పెద్ద తరగతుల వాళ్లకి 2011లో వచ్చిన 'భీమాయన' ఉంది. గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బాబాసాహెబ్ జీవితాన్ని బొమ్మల్లో చెప్పారు. ఇవి ఎందుకంటే, కథలో పిల్లలంతా సెలవులకు కొండల మీది బంగళాకి పోయేవాళ్లే అయితే మన పిల్ల ఆ కథ గుమ్మం బయటే నిలబడుతుంది. రుడీన్ సిమ్స్ బిషప్ అనే నల్లజాతి పండితురాలు 1990లో ఒక మాటన్నది. పిల్లలకు పుస్తకం కిటికీ కావాలి, అద్దమూ కావాలని. కిటికీలోంచి లోకం కనపడాలి, అద్దంలో తన మొహం కనపడాలి. మన పిల్లలకు ఇన్నాళ్లూ కిటికీ కూడా సగమే తెరిచారు, అద్దం అసలు ఇవ్వలేదు.

ఆ అద్దాన్ని మనమే చేసుకోవచ్చు. ఎదుటి పేజీలో ఉన్న తెలుగు కూడా పూర్తిగా మన ఇంటి తెలుగు కాదు. మన పిల్ల ఇంట్లో బువ్వ అంటుంది, పుస్తకంలో భోజనం, పక్క పేజీలో మీల్. అంటే ఆమె ఒకేసారి రెండు పరాయి భాషలు నేర్చుకుంటోంది. ఆ మొదటి మాటకు చోటు పెట్టండి. వారానికొక తల్లిని, ఒక తాతను బడికి పిలవండి. చదువు రాకపోయినా కథ వచ్చు, పాట వచ్చు, పని వచ్చు. నారు ఎట్లా పోస్తారు, వల ఎట్లా అల్లుతారు, డప్పు ఎట్లా కాస్తారు, వాళ్లనే చెప్పనివ్వండి. పిల్లలు వాళ్ల మాటల్లోనే రాస్తారు, కింద టీచరు సాయంతో ఇంగ్లీషులో రాస్తారు, బొమ్మ వేస్తారు, దారంతో కుడతారు. పైన అమ్మ పేరు. ఆ పుస్తకాన్ని దండెం మీద అచ్చు పుస్తకం పక్కనే తగిలించండి. వేలిముద్ర వేసే తల్లి తన పేరున్న పుస్తకం ముందు నిలబడిన రోజు బడికీ పల్లెకీ మధ్య ఉన్న సంగతే మారుతుంది.

కార్యకర్తలకు పని ఇదీ. ఈ నెలలో మీ పల్లె బడికి పోండి, ఇద్దరు తల్లుల్ని వెంటబెట్టుకుని పోండి. గట్టిగా మాట్లాడొద్దు, మెత్తగా మూడు ప్రశ్నలు అడగండి. బీరువాలో ఎన్ని పుస్తకాలున్నాయి? పోయిన ఏడాది లైబ్రరీ గ్రాంటు ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది? పిల్లలు వారంలో ఏ రోజు పుస్తకం ఇంటికి తెచ్చుకుంటారు? జవాబు రాకపోతే కమిటీ మీటింగులో అడగండి, అప్పటికీ రాకపోతే సమాచార హక్కు కింద కాగితం పెట్టండి. మంచి మాస్టారు ఉన్నచోట ఆయనకు అండగా నిలబడండి. సెలవుల్లో బడి మూస్తే పుస్తకాలు అంబేద్కర్ భవనంలోకో, చర్చి వరండాలోకో మార్చండి. జయంతి ఖర్చులో ఫ్లెక్సీ ఒకటి తగ్గించి, ఆ డబ్బుతో ఇరవై పుస్తకాలు కొనండి. విగ్రహంలో బాబాసాహెబ్ చేతిలో పుస్తకం ఉంది. ఆ చేతి కింద ఆడుకునే పిల్లల చేతుల్లోనూ ఉండాలి.

జీవోలు వస్తాయి, పోతాయి. ప్రభుత్వాలు మారతాయి, పథకాల పేర్లు మారతాయి. 2022లో బాపట్ల జిల్లా అయింది, రేపల్లె అందులోకి పోయింది, తెనాలి గుంటూరులో ఉండిపోయింది. ఏ జిల్లాలో ఉన్నా బీరువా తాళం ఒకటే. ముందు దాన్ని తీయించండి.