గడప దాటితేనే బలమా?

1927లో వచ్చిన చలం ‘మైదానం’లో రాజేశ్వరి మొగణ్ణి వదిలి గడప దాటింది. బలమైన స్త్రీపాత్ర అంటే విమర్శకులకు ఇప్పటికీ అదే కొలబద్ద. మరి మా అమ్మలు ఏ గడప దాటాలె? వాళ్లను నీడపట్టున కూసోబెట్టిందెవరు?

దిల్‌సుఖ్‌నగర్‌ ఇండ్లల్ల బాసన్లు తోమే మాదిగామె, ఎల్బీనగర్‌ అడ్డా మీద కూలికి నిలబడే మాలామె మీ కథల్లోకి వస్తే రెక్కలే వస్తయి, తలకాయ రాదు. మొగని దెబ్బలు లెక్కపెడ్తరు; కూలి కోసం మేస్త్రితోటి ఆమె చేసిన కొట్లాట లెక్కకు రాదు.

గోగు శ్యామల ‘నల్లపొద్దు’ 2003లోనే మా ఆడోళ్ల రాతల్ని ఒక్కచోటికి తెచ్చింది. జాజుల గౌరి ‘మన్నుబువ్వ’, జూపాక సుభద్ర ‘రాయక్క మాన్యం’ కథలున్నయి. చదివిండ్రా?

బలం మీరు పెట్టే భిక్ష కాదు. ఆమెకు పేరు పెట్టుండ్రి, కులం దాయకుండ్రి, నిర్ణయం ఆమెనే చెయ్యనియ్యిండ్రి. చేతగాకుంటే కలం పక్కకు పెట్టి, ఆమె చెప్తుంటే ఇనుండ్రి.