కాలేయంలో గడ్డ తీసేశాక...

ప్రశ్న: నా వయసు 36. కాలేయంలో హెమాంజియోమా అనే రక్తనాళాల గడ్డ ఉందని 5 నెలల క్రితం ఆపరేషన్ చేశారు. క్యాన్సర్ కాదన్నారు. అయినా కుడి డొక్కలో నొప్పి వస్తూనే ఉంది. పత్యమని మా అత్తగారు పప్పు, నెయ్యి ముట్టనివ్వరు. సగం కాలేయం పోయినదాన్ని, ఇక మామూలు మనిషిని కాగలనా?
- ఒక సోదరి, తెనాలి

జవాబు: తప్పకుండా కాగలరమ్మా. కోసి తీసినా తిరిగి పెరిగే గుణం కాలేయానికి ఉంది. మిగిలిన భాగం ఆరోగ్యంగా ఉంటే కొద్ది నెలల్లోనే దాదాపు పాత పరిమాణానికి వస్తుంది. పాత ఆకారం రాదు గాని, పనికేమీ లోటుండదు. మీకున్న గడ్డ క్యాన్సర్‌గా మారే రకం కూడా కాదు.

ఇక నొప్పి సంగతి. కోత పెట్టినచోట లాగినట్టుండడం, తిమ్మిరి కొన్ని నెలలు ఉండి క్రమంగా తగ్గుతాయి. కాని ఆపరేషన్‌కు ముందున్న నొప్పే, అదే చోట, అదే తీరున వస్తుంటే దానికి కారణం ఆ గడ్డ కాకపోవచ్చు. కడుపులో అల్సరో, పిత్తాశయాన్ని తీయకుండా ఉంచి ఉంటే అందులో రాళ్ళో ఉన్నాయేమో పరీక్ష చేయించుకోండి. నిజానికి ఈ గడ్డలు చాలామందికి ఏ బాధా పెట్టవు. వాటికి ఆపరేషనే అక్కర్లేదు. స్కానింగులో కనబడగానే కంగారుపడేవారు ఇది గమనించాలి.

పప్పు మానడం మాత్రం తగదు. కాలేయం పెరగడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, పాలు, గుడ్డు తినండి. అన్నంలో చెంచాడు నెయ్యి వేసుకుంటే కాలేయానికి వచ్చే ముప్పు లేదని మీ అత్తగారికి ఈ జవాబు చదివి వినిపించండి. ఇంటిపనులు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవచ్చు. దగ్గినప్పుడు కోత దగ్గర ఉబ్బినా, జ్వరం వచ్చినా, కళ్ళు పచ్చబడినా వెంటనే మీ సర్జన్‌కు చూపించుకోండి.