వెన్నెల వేరు... వెల్ల వేరు!

ఫోటో కలలో కనిపించినట్టు మెత్తగా, వెలుగుతూ రావాలంటే ఏం చెయ్యాలి? కెమెరా చేతపట్టిన ప్రతివారికీ ఏదో ఒకనాడు పుట్టే ప్రశ్నే ఇది. ఒకరు ఫిల్టరు కొనమంటారు. మరొకరు సెల్‌ఫోన్లో ‘బ్యూటీ’ మీట నొక్కమంటారు. అవన్నీ తర్వాతి మాట. ముందు కావలసింది వెలుతురు!

‘మాయాబజార్’ (1957)లో నౌకావిహారం ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. అది తెలుపు-నలుపు చిత్రం. అయినా మార్కస్ బార్ట్లే పట్టిన ఆ వెన్నెల చల్లదనం ఇవాళ చూసినా మనకు తగులుతుంది. సావిత్రి ముఖం వెలుగుతూనే ఉంటుంది, ఆ కళ్ళు పలికే భావం మాత్రం రవ్వంత కూడా చెదరదు. అదీ కిటుకు!

ఈ మెత్తదనం కోసం హాలీవుడ్ వాళ్ళు పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. 1919లో గ్రిఫిత్ తీసిన ‘బ్రోకెన్ బ్లాసమ్స్’లో లిలియన్ గిష్ క్లోజప్‌లను హెండ్రిక్ సార్టోవ్ సాఫ్ట్ ఫోకస్‌లో తీశాడు. 1942 నాటి ‘కాసాబ్లాంకా’లో ఇన్‌గ్రిడ్ బెర్గ్‌మన్ క్లోజప్‌లకు ఆర్థర్ ఈడెసన్ పల్చటి జాలీగుడ్డ అడ్డం పెట్టాడు. లెన్సుకు ఆడవాళ్ళ పట్టు మేజోళ్ళు బిగించినవాళ్ళూ, అద్దానికి వాజలీన్ రాసినవాళ్ళూ ఎందరో!

ఇంతకీ ఆ గుడ్డ చేసే పనేమిటి? లోపలికి వచ్చే వెలుగులో కొంత తిన్నగా పోయి స్పష్టమైన బొమ్మ కడుతుంది. మరికొంత చెదిరి చుట్టూ పరుచుకుంటుంది. అంటే స్పష్టమైన బొమ్మ మీద మసక బొమ్మ ఒకటి కప్పినట్టన్నమాట! ఫోకస్ తప్పిందా, మసక ఒక్కటే మిగులుతుంది. ఇంకో సంగతి... ఫ్రేములో బాగా వెలిగేదేదీ లేకపోతే, చెదిరి పరుచుకోవడానికి వెలుగెక్కడిది? అందుకే సినిమావాళ్ళు జుట్టు మీద పడేలా వెనక నుంచి ఒక లైటు పెడతారు.

ఇక ఇంట్లో చేద్దాం. ఎండ పడే కిటికీకి తెల్లటి పంచె కట్టండి (మీరు కట్టుకున్నది కాదు సుమా!). వెలుగు ఎంత పెద్ద జాగా నుంచి వస్తే నీడల అంచులు అంత మెత్తబడతాయి. మనిషిని పంచెకు 2, 3 అడుగుల దూరంలో, కాస్త ఏటవాలుగా కూర్చోబెట్టండి. దూరం జరిపేకొద్దీ నీడలు మళ్ళీ గట్టిపడతాయి. రెండో చెంప వైపు ఒక తెల్లటి థర్మోకోల్ షీటు నిలబెట్టండి. వెనక గోడ ఎంత దూరంగా ఉంటే అంత మంచిది.

85 మి.మీ. లెన్సుంటే ఎపర్చరు ఎఫ్ 2 దగ్గర పెట్టి, మీకు దగ్గరగా ఉన్న కంటి మీద ఫోకస్ చెయ్యండి. మీటరు చెప్పినదానికన్నా అర స్టాపు ఎక్కువ ఇవ్వండి, మహా అయితే ఒక స్టాపు. కలర్ నెగెటివ్ ఫిల్ము అంతకు మించినా సర్దుకుంటుంది గాని, డిజిటల్ అలా కాదు. చెంప ఒకసారి తెల్లకాగితమైపోతే ఏ కంప్యూటరూ దాన్ని తిరిగి తేలేదు. సెల్‌ఫోనైతే తెర మీద ముఖాన్ని వేలితో తాకి, సూర్యుడి బొమ్మ కనిపిస్తే కొంచెం పైకి జరపండి. వాజలీన్ సరదా ఉన్నవారు దాన్ని లెన్సుకు రాయకండి బాబూ! ఒక పాత ఫిల్టరుకు, అదీ అంచుల్లోనే రాయండి. మధ్యలో అద్దం శుభ్రంగా ఉండాలి.

అసలు చెప్పదలచుకున్నది ఇప్పుడు. చామనఛాయ పిల్ల ఫోటోను తెల్లగా దిద్దించి పెళ్ళివారికి పంపడం మన ఇళ్ళల్లో కొత్తేమీ కాదు. ఒకప్పుడు స్టూడియోలో కూర్చుని కష్టపడి చేసిన రీటచింగు ఇప్పుడు ఫోనులో రెప్పపాటు పని. పుట్టుమచ్చ మాయం, నవ్వితే పడే గీత మాయం, ఒంటి రంగూ మాయం! పెళ్ళివారి సంగతి అటుంచండి, ఆ ఫోటో చూసుకున్న పిల్ల ఏమనుకుంటుంది? “నా ముఖం మా అమ్మకే నచ్చలేదు కాబోలు” అనుకోదూ!

మెత్తదనం ఉండేది నీడ అంచులో. ఒంటి రంగుతో దానికి పనేమిటి? పంచె చాటు వెలుగు చామనఛాయ చెంప మీద జారితే వచ్చే నిగనిగ ఏ పౌడరుకూ రాదు. ముఖం చుట్టూ ఎంత వెన్నెలైనా కురిపించండి. ముఖానికి మాత్రం వెల్ల వెయ్యకండి. కలలో కనిపించినా మనిషి ఆ మనిషే అయి ఉండాలి కదా!

(వచ్చే వారం: కళ్ళజోడువారిని అద్దాల్లో మెరుపు పడకుండా ఫోటో తీయడం ఎలా?)